గోజీ పండ్లను వంటలో ఎలా వాడాలి: కొర్ర జావ నుంచి నాటుకోడి సూపు దాకా

గోజీ ప్యాకెట్ మొదటిసారి కొన్న ఇంట్లో సాధారణంగా జరిగేది ఇదీ. కిస్‌మిస్ లాంటిదే కదా అని నాలుగు నోట్లో వేసుకుంటారు. అంత తీపి లేదే అని కాస్త నిరాశ పడతారు. నేతిలో వేయించి పాయసంలో వేస్తే నల్లబడి చేదెక్కుతాయి. ఆ తర్వాత ప్యాకెట్ ఫ్రిజ్‌లో ఓ మూలకు చేరిపోతుంది. నాకు ఇది చాలా బాధ కలిగించే సంగతి. ఎందుకంటే ఈ పండును తరతరాలుగా వండుకుంటున్న చైనా వంటింట్లో దానికి ఎండుద్రాక్ష స్థానం ఇవ్వరు. ఉప్పు, అల్లం, కోడి రసం, గుడ్డు, ఆకుకూర, చిరుధాన్యం వీటి సరసన వేస్తారు. అదీ వంట ఇక దించబోతున్నామనగా వేస్తారు. ఈ రెండు సంగతులు పట్టుబడితే గోజీ మీ వంటింట్లో నిలిచిపోతుంది.

ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలియాలి, రుచి అక్కణ్నుంచే వచ్చింది కాబట్టి. గోజీ ముళ్ల పొద మీద కాసే చిన్న ఎర్ర పండు. టమాటా, వంకాయ, మిరప ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. వాయవ్య చైనాలో పసుపు నది నీళ్లు పారే నింగ్‌షియా ప్రాంతం, అందులోనూ జోంగ్‌నింగ్ జిల్లా, దీనికి పేరుమోసిన చోటు. చింగ్‌హాయ్, షిన్‌జియాంగ్, గాన్సు ప్రాంతాల్లోనూ విస్తారంగా పండుతుంది. దక్షిణ కొరియాలో చోంగ్‌యాంగ్ జిల్లాకు మిరపకాయలతోనూ గోజీతోనూ పేరు వచ్చింది, రెంటికీ కలిపి ఒకే పండుగ చేసుకుంటారు. మిరపకు బంధువు అని గుర్తుపెట్టుకుంటే ఉప్పు వంటల్లో ఇది ఎందుకు అంత బాగా ఇముడుతుందో అర్థమవుతుంది.

పచ్చి పండు చాలా సున్నితం. వేళ్లతో గట్టిగా పట్టుకుంటే నలిగి నల్లబడుతుంది. అందుకే తోటల దగ్గర తప్ప పచ్చివి దొరకడం కష్టం, మన చేతికి వచ్చేవి ఎండినవే.

మొదటి పని: వండకముందు నాలుగు రకాలుగా రుచి చూడండి

ముప్పావు గంట పడుతుంది. కానీ ఈ ముప్పావు గంట పెడితే తర్వాత ఏ వంటకైనా మీరే నిర్ణయించుకోగలరు.

ముందు రెండు మూడు ఎండు పండ్లు కడిగి, తుడిచి, నెమ్మదిగా నమలండి. తోలు కొంచెం సాగుతుంది. ముందు తీపి తగులుతుంది, కిస్‌మిస్ కన్నా తక్కువగా. ఆ వెనకే ఎండబెట్టిన టమాటాను గుర్తుచేసే వాసన, సన్నటి పులుపు. చిట్టి గింజలు పంటి కింద పటుక్కుమంటాయి. మింగాక నాలుక వెనక చిరుచేదు కాసేపు ఉంటుంది. ఈ చిరుచేదే చాలామందికి నచ్చనిది. వంటలో దాన్ని ఎలా మలుచుకోవాలో తెలిస్తే అదే దీని అందం.

రెండోది, పది పండ్లు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టండి. ఉబ్బి మెత్తబడతాయి. తీపి పలచబడి, పండు వాసన తేటగా పైకి వస్తుంది. నానిన నీళ్లూ తాగి చూడండి, లేత నారింజ రంగులో తియ్యగా ఉంటాయి.

మూడోది అసలు పాఠం. గ్లాసుడు నీళ్లలో ఒక అల్లం ముక్క, చిటికెడు ఉప్పు, పది పండ్లు వేసి ఐదు నిమిషాలు సన్న సెగ మీద ఉంచండి. ఉప్పు చేదును అణిచేస్తుంది, తీపి ముందుకొస్తుంది, అల్లం ఘాటు ఆ తీపిని మొహం మొత్తనివ్వదు. గోజీ ఉప్పు వంటలకు పుట్టిందని నేను అనేది ఈ గ్లాసు నోటికి తగిలాకే మీకు నమ్మకం కుదురుతుంది.

నాలుగోదాన్ని అదే పద్ధతిలో అరగంట ఉడకనివ్వండి. తోలు విడిపోతుంది, పండు పిప్పి అవుతుంది, రసం పులుపెక్కి రుచి చప్పబడుతుంది. గోజీ ఎక్కువసేపు ఉడికితే సూపు పుల్లబడుతుందని దక్షిణ చైనాలోని కాంటనీస్ వంటవాళ్లు చెప్పేది ఇదే. మూడో గ్లాసు, నాలుగో గ్లాసు పక్కపక్కన పెట్టుకుని తాగండి, ఇక గోజీని ముందే వేసే తొందర మీకు ఎప్పటికీ ఉండదు.

కొనేటప్పుడు చూడాల్సినవి

మంచి గోజీ రంగు కొంచెం మసకబారిన ముదురు ఎరుపు. పండ్లన్నీ ఒకేలా ధగధగ మెరుస్తుంటే అనుమానించండి. ఒక్కో పండునూ ముచ్చిక వైపు చూడండి: తొడిమ ఊడిన చోట లేత తెల్లటి మచ్చ ఉండాలి. రంగు వేసిన సరుకైతే ఆ మచ్చ కూడా ఎర్రబడి ఉంటుంది. ప్యాకెట్ విప్పగానే ముక్కుకు ఘాటు తగిలితే గంధకం పొగ పట్టించారన్నమాట. అలాంటివి నమిలితే పుల్లగా, గొంతు గీరినట్టు ఉంటాయి. వాటిని వాడకండి.

చల్లటి నీళ్లలో నాలుగు వేసి చూడటం ఇంకో పరీక్ష. అసలైనవి నీళ్లకు నెమ్మదిగా పసుపు, నారింజ రంగు ఇస్తాయి. వేసీ వేయగానే నీళ్లు ఎర్రబడితే అది పండు రంగు కాదు.

చైనా సరుకు అమ్మే దుకాణాల్లో ప్యాకెట్ మీద 180, 220, 280, 380 లాంటి అంకెలు కనిపిస్తాయి. 50 గ్రాములకు ఎన్ని పండ్లు తూగుతాయో చెప్పే లెక్క అది, అంకె తగ్గేకొద్దీ పండు పెద్దది. చైనా జాతీయ ప్రమాణం ప్రకారం 280 లోపు తూగేది అగ్రశ్రేణి, 370 లోపు దాని తర్వాతిది. పెద్ద పండుకు ధర ఎక్కువ గానీ రుచి అదే లెక్కన పెరగదు. సూపుకూ జావకూ 380 రకం నిక్షేపంగా సరిపోతుంది. ఉడికించిన గుడ్డు మీద అందంగా కనపడాలంటే మాత్రం పెద్దవి తీసుకోండి. ఇంకో సంగతి, నింగ్‌షియా పండు కొంచెం పొడవుగా ఉంటుంది, దాని తీపిలో చిరుచేదు కలిసి ఉంటుంది. షిన్‌జియాంగ్ పండు గుండ్రం, తీపి ఎక్కువ. ఉప్పు వంటలకు నా ఓటు నింగ్‌షియాకే.

మన ఊళ్లలో డ్రైఫ్రూట్ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ గోజీ దొరుకుతోంది. చక్కెర పాకం పట్టించిన క్రాన్‌బెర్రీని చూసి గోజీ అనుకోకండి. కూరలో వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

కడగడం, నానబెట్టడం

ఎండబెట్టే ముందు పండు మీది మైనం పొర పోవడానికి సోడా నీళ్లలో ముంచడం చాలా చోట్ల మామూలే. దుమ్మూ ఉంటుంది. కాబట్టి చల్లటి నీళ్లలో రెండు మూడుసార్లు చకచకా కడగండి. కడిగేటప్పుడు పిసకకండి. సూపులోకైనా జావలోకైనా నానబెట్టాల్సిన పనే లేదు, ఉడికేటప్పుడు అవే ఉబ్బుతాయి. పైన చల్లుకునే వంటలకు మాత్రం ఐదు నుంచి పది నిమిషాలు నానబెట్టండి. అంతకు మించితే రుచంతా నీళ్లలోకి దిగిపోతుంది. కడిగాక నానబెట్టిన నీళ్లను పారబోయకుండా వంటలోనే కలిపేయండి.

కొర్ర జావ: ఇక్కణ్నుంచి మొదలుపెట్టండి

ఉత్తర చైనాలో పొద్దున పూట ఇంటింటా కాచే పసుపుపచ్చటి జావ ఒకటుంది. బాలింతలకూ, కడుపు బాగాలేనివాళ్లకూ ముందుగా పెట్టేది అదే. దానికి వాడే ధాన్యం మన కొర్రలే. ఎర్ర రేగుపళ్లు, గోజీ వేసి కాస్తారు. తెలుగు ఇంట్లో గోజీకి ఇంతకన్నా సహజమైన తొలి వంట నాకు తోచదు.

నలుగురికి 100 గ్రాముల కొర్రలు, 1,300 మిల్లీలీటర్ల నీళ్లు, గింజ తీసిన ఎండు ఎర్ర రేగుపళ్లు ఆరు, రెండు చెంచాల గోజీ కావాలి. కొర్రలు ఒకసారి మాత్రమే కడగండి. తవుడు పూర్తిగా తీయని రకమైతే రాత్రంతా నానబెట్టాలి. ముందు నీళ్లు మరగనిచ్చి, మరిగే నీళ్లలో కొర్రలు పోసి వెంటనే కలపండి, లేకపోతే అడుగున గడ్డ కడతాయి. రేగుపళ్లు చీల్చి ఇప్పుడే వేయండి. సెగ తగ్గించి, మూత కొంచెం వారగా పెట్టి, అరగంట నుంచి నలభై నిమిషాలు ఉడకనివ్వండి. పైన మీగడలా పల్చటి పొర తేలితే జావ కుదిరినట్టు. చైనా ఇళ్లలో ఆ పొరనే ఎంతో బలమైనదిగా చూస్తారు. అప్పుడు గోజీ వేసి ఐదు నిమిషాలు ఉంచి దించేయండి. ఉప్పు అక్కర్లేదు. బెల్లం వేయాలనిపిస్తే చిన్న ముక్క చాలు, ఎక్కువైతే గోజీ వాసన అణిగిపోతుంది.

ఎర్ర రేగు మన రేగుపండుకు దాయాది. అయితే మన ఎండు రేగుపళ్లను బదులుగా వేయకండి, వాటి పులుపు జావను పాడుచేస్తుంది. ఎర్రవి దొరక్కపోతే రెండు ఖర్జూరాలు సన్నగా తరిగి వేయండి.

నాటుకోడి సూపు

కాంటనీస్ ఇళ్లలో సూపుకు ముదురు కోడినే ఇష్టపడతారు. మన నాటుకోడి అందుకు చక్కగా పనికొస్తుంది. ఇందులో పసుపు, కారం, గరం మసాలా ఏవీ వేయం. ఒక్కసారి చేయి ఆపుకుని అలాగే వండి చూడండి.

ముప్పావు కిలో కోడి ముక్కలు ఎముకతోనే తీసుకోండి. చల్లటి నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టి, పొంగు వచ్చాక మూడు నిమిషాలు ఉంచి, ఆ నీళ్లు పారబోసి ముక్కల్ని గోరువెచ్చటి నీళ్లతో కడగండి. రసం తేటగా రావడానికి ఈ పని తప్పదు. తర్వాత పెద్ద గిన్నెలో ముక్కలు, రెండు లీటర్ల నీళ్లు, చితక్కొట్టిన అల్లం రెండంగుళాల ముక్క, ఉల్లికాడల తెల్ల భాగం రెండు, ఎర్ర రేగుపళ్లు ఆరు వేసి పొంగు రానివ్వండి. నురుగు తీసేసి, బుడగ అక్కడక్కడా మాత్రమే లేచేంత సన్న సెగ మీద గంటన్నర ఉంచండి. బ్రాయిలర్ కోడైతే ముప్పావు గంట చాలు. ముక్క మెత్తబడ్డాక ఉప్పు వేయండి, దాంతోపాటే గుప్పెడు గోజీ. పది నిమిషాల్లో దించేయాలి.

కుక్కర్‌లో చేసేవాళ్లు కోడి ఒక్కటీ విజిల్స్ వచ్చేదాకా ఉడికించి, మూత తీశాకే గోజీ వేసి ఎనిమిది నిమిషాలు సన్న సెగ మీద ఉంచండి. ముందే వేసి మూత పెడితే నాలుగో గ్లాసు రుచి మళ్లీ ఎదురవుతుంది.

రసం మీద తేలే కోడి కొవ్వు మొత్తం తీసేయకండి. గోజీ ఎరుపుకు కారణమైన జియాగ్జాంతిన్ కొవ్వులో కరిగే పదార్థం, కాస్త నూనె తోడుంటేనే ఒంటికి బాగా పడుతుంది. సింగపూర్‌లోనూ మలేసియాలోనూ ఉండే మనవాళ్లకు ఈ రుచి కొత్త కాకపోవచ్చు, అక్కడి హాకర్ సెంటర్లలో, అంటే చిన్న తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే ప్రాంగణాల్లో, అమ్మే హెర్బల్ చికెన్ సూపులో తేలే ఎర్రటి గింజలు ఇవే.

ఆవిరి గుడ్డు

మూడు గుడ్లు, 250 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు, పావు చెంచా ఉప్పు నురుగు రాకుండా కలిపి, టీ వడగట్టుతో గిన్నెలోకి వడకట్టండి. ఆవిరి చుక్కలు పడకుండా పైన చిన్న పళ్లెం మూత పెట్టి, ఇడ్లీ పాత్రలో సన్న సెగ మీద ఉంచండి. ఏడు నిమిషాలకు పైభాగం గట్టిపడుతుంది. అప్పుడు నానిన గోజీ ఒక్కొక్కటే పైన పెట్టండి. ముందే పెడితే అడుక్కి దిగిపోతాయి. ఇంకో మూడు నిమిషాలు ఉంచి పొయ్యి ఆపి, రెండు నిమిషాలు కదపకుండా వదిలేయండి. తినేముందు అర చెంచా సోయాసాస్, రెండు చుక్కల నువ్వుల నూనె వేయండి. చైనావాళ్లు వాడేది వేయించిన నువ్వుల నూనె, మన గానుగ నూనెకు ఆ సువాసన ఉండదు. దానికి బదులు దోరగా వేయించి నలిపిన నువ్వులు చల్లితే సరిపోతుంది. పిల్లలకు గోజీ అలవాటు చేయాలంటే ఇదే దారి.

ఆకుకూర రసం

దక్షిణ చైనాలో తోటకూరను కోడి రసంలో వెల్లుల్లితో వండుతారు. పాలకూర కూడా అలాగే వండుతారు, గోజీ వేసి. మన తోటకూరతో ఈ వంట పావుగంటలో అయిపోతుంది. ఆరు వెల్లుల్లి రెబ్బలు పొట్టు తీసి చెంచా నూనెలో బంగారు రంగు వచ్చేదాకా వేయించండి. 300 మిల్లీలీటర్ల కోడి రసమో కూరగాయల రసమో పోసి మరగనిచ్చి, చెంచాడు గోజీ వేయండి. రెండు నిమిషాలకు తోటకూర వేసి, ఆకు మెత్తబడగానే ఉప్పు సరిచూసి దించండి. ఎర్ర తోటకూరైతే రసమంతా గులాబీ రంగై గోజీ కనపడదు, పచ్చదే తీసుకోండి. గోజీ మొక్క ఆకునూ కాంటనీస్ ఇళ్లలో కూరగా వండుతారు. గుడ్డు వేసిగానీ పంది కాలేయం వేసిగానీ పలచటి సూపు చేస్తారు, కొంచెం చేదుగా బాగుంటుంది. ఆకు మన దగ్గర దొరకడం కష్టం.

టీ

పదిహేను పండ్లు, 200 మిల్లీలీటర్ల వేడి నీళ్లు, మూత, పది నిమిషాలు. అంతే. తాగాక పండ్లు తినేయాలి, సారం సగం వాటిలోనే ఉంటుంది. నీళ్లు ఇంకోసారి పోసుకోవచ్చు.

చైనాలో థర్మాస్‌లో గోజీ నీళ్లు నడివయసుకు గుర్తయ్యాయి. 2017లో బ్లాక్ పాంథర్ రాక్ బృందపు డ్రమ్మర్ జావ్ మింగ్‌యీ చేతిలో థర్మాస్ ఉన్న ఫొటో బయటికొచ్చాక ఆ మాట దేశమంతా పాకింది. నింగ్‌షియాలోని హుయ్ ముస్లింలు తాగే ఎనిమిది రత్నాల టీ ఇంకా గొప్పది. మూత ఉన్న గిన్నెలో టీ ఆకు, గోజీ, ఎర్ర రేగు, లాంగన్ (లిచీ లాంటి పండు), కిస్‌మిస్, అక్రోటు, నువ్వులు, పటికబెల్లం వేసి వేడి నీళ్లు పోస్తారు. పటికబెల్లం నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి ఒక్కో గుక్కా ఒక్కో రుచి. అతిథి వచ్చినప్పుడు చేసి చూడండి.

చామంతి, గోజీ కలిపిన టీ కూడా పేరున్నదే. దానికి తినడానికని ఎండబెట్టి అమ్మే చైనా తెల్ల చామంతులే వాడండి. పూల మార్కెట్‌లో దండలకు అమ్మే చామంతి మీద పురుగుమందులు ఉంటాయి, దాన్ని నోట్లోకి రానివ్వకండి.

మన వంటల్లో ఎక్కడ ఇముడుతుంది, ఎక్కడ ఇమడదు

చింతపండు పులుసులో గోజీ పోయినట్టే. ఇంగువ, ఆవాల పోపు, గోంగూర, ఆవకాయ కారం పక్కన దాని గొంతు వినపడదు. అల్లం, మిరియం వేసిన పలచటి పెసరకట్టు, ఎక్కువ మసాలా లేని సొరకాయ కూర, సేమ్యా ఉప్మా లాంటి నెమ్మదైన వంటల్లో చివరగా వేస్తే బాగుంటుంది. పాయసంలో వేయాలనుకుంటే నేతిలో వేయించొద్దు. పొయ్యి ఆపాక వేసి మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. తీపి అప్పుడు మామూలు కన్నా కొంచెం తగ్గించుకోండి.

ఎంత తినొచ్చు, ఎవరు ఆగాలి

చైనా ఔషధ గ్రంథం ఎండు గోజీకి చెప్పే మోతాదు రోజుకు 6 నుంచి 12 గ్రాములు. 280 రకంలో 10 గ్రాములంటే సుమారు 56 పండ్లు. ఇది ఆహారం, మందు కాదు. రోగం నయం చేస్తుందని అమ్మేవాళ్ల మాట నమ్మి మాత్రలు మానేయకండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవాళ్లు గోజీ జోలికి వెళ్లకండి. గోజీ టీ, రసం తాగినవాళ్లలో ఆ మందు ప్రభావం పెరిగి రక్తస్రావం దాకా వెళ్లిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇంట్లో గుండె కవాటం మార్పిడి అయి ఆ మందు వాడుతున్న పెద్దవాళ్లు ఉంటే సూపులో గోజీ వేసేముందు వాళ్ల గిన్నె విడిగా తీసి పెట్టండి. షుగరు, బీపీ మందులు వాడేవాళ్లు, గర్భిణులు రోజూ తినే ముందు డాక్టర్ని అడగాలి. టమాటా, వంకాయ పడనివాళ్లు మొదటిసారి ఒకటి రెండుతోనే ఆగండి.

దాచుకోవడం

గోజీ తేమను ఇట్టే లాగేసుకుంటుంది. కోస్తా ఊళ్లలో వానాకాలం ప్యాకెట్ విప్పి బయట పెడితే ముద్దకట్టి నల్లబడుతుంది. కొన్నరోజే గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, తీసేటప్పుడు పొడి చెంచానే వాడండి. రంగు కొంచెం ముదిరినా వాసన బాగుంటే వండుకోవచ్చు. పులిసిన వాసన వచ్చినా, బూజు కనపడినా సీసా మొత్తం పారేయండి, పైపైన ఏరి వాడొద్దు.